మూత్రపిండం చెడితే రక్తనాళానికేమవుతుంది?

1960 మార్చి నెలలో అమెరికాలోని సియాటిల్ నగరంలో క్లైడ్ షీల్డ్స్ అనే 39 ఏళ్ల మనిషి చావుకు దగ్గరపడి ఉన్నాడు. బోయింగ్ విమానాల కర్మాగారంలో మెషినిస్టు. మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. రక్తాన్ని బయటికి తీసి శుద్ధిచేసి మళ్లీ లోపలికి పంపే డయాలిసిస్ యంత్రం అప్పటికే ఉంది. కాని దాన్ని తగిలించిన ప్రతిసారీ ఒక కొత్త ధమనినీ, ఒక కొత్త సిరనూ కోసి గొట్టాలు దూర్చవలసి వచ్చేది. కొన్నిసార్లు చేసేసరికి చేతుల్లోనూ, కాళ్లలోనూ వాడుకోదగ్గ నాళాలు మిగిలేవి కావు. అందుకని తాత్కాలికంగా దెబ్బతిన్న మూత్రపిండాలకే తప్ప, శాశ్వతంగా చెడిపోయినవాటికి ఆ యంత్రం పనికొచ్చేది కాదు. డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ దీనికొక ఉపాయం ఆలోచించాడు. ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాన్ గొట్టాలు శాశ్వతంగా అమర్చి, యంత్రంతో పనిలేనప్పుడు ఆ రెంటినీ చర్మం మీద ఒక వంకీ గొట్టంతో కలిపేశాడు. షీల్డ్స్ ఆ గొట్టాలతో మరో పదకొండేళ్లు బతికాడు.

1971లో ఆయన పోయింది మూత్రపిండాల వల్ల కాదు, గుండెపోటుతో.

మొదట్లో దీన్నెవరూ వింతగా అనుకోలేదు. కాని స్క్రిబ్నర్ బృందం తమ దగ్గర ఏళ్ల తరబడి డయాలిసిస్ చేయించుకున్న వారి వివరాలు వరసగా పేర్చి చూసినప్పుడు, పోయినవారిలో సగానికి పైగా గుండె, మెదడు రక్తనాళాలు చెడిపోయి పోయినవారేనని తేలింది. 1974లో ఈ సంగతి ప్రచురించారు. ఆ తర్వాత వచ్చిన లెక్కలు మరింత కలవరపెట్టాయి. 1998లో అమెరికాలో డయాలిసిస్ రోగుల మరణాలను విశ్లేషించినప్పుడు, 25-34 ఏళ్ల వయసున్న రోగికి గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయే ప్రమాదం, మామూలు జనాభాలో 75 ఏళ్లు దాటిన వృద్ధుడికి ఎంత ఉంటుందో ఇంచుమించు అంత ఉందని కనిపించింది. అంటే మూత్రపిండం చెడిన యువకుడి ఒంట్లో ముసలివాడి రక్తనాళాలున్నాయన్న మాట.

మూత్రాన్ని తయారుచేసే అవయవం పాడైతే రక్తనాళం ఎందుకు ముసలిదవుతుంది? ఈ వ్యాసంలో చూడబోయేది అదే.

పాత అనుమానం

మన మూత్రపిండాలు రెండూ కలిపి తూస్తే 300 గ్రాములుంటాయి. అయినా గుండె నిమిషానికి పంపే అయిదు లీటర్ల రక్తంలో లీటరుకు పైగా వీటికే వెళుతుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛాలున్నాయి. ఒక్కో గుచ్ఛమూ వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాల ఉండ. రోజుకు 180 లీటర్ల ద్రవం వీటిగుండా వడకడితే, అందులో లీటరున్నర మాత్రం మూత్రంగా పోయి, తక్కినదంతా మళ్లీ రక్తంలోకి చేరుతుంది. కాబట్టి మూత్రపిండం అంటే రక్తనాళాల ముద్ద అన్నా తప్పులేదు. మధుమేహం, రక్తపోటు ముందుగా దాన్నెందుకు దెబ్బతీస్తాయో ఇందులోనే ఉంది. మనం మాట్లాడుకునేది దీనికి ఎదురుదిక్కు ప్రయాణం గురించి: మూత్రపిండం నుంచి రక్తనాళానికి.

ఆ దారిని మొదట గమనించినవాడు లండన్‌లోని గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. ఒళ్లు వాచి, మూత్రంలో ఆల్బుమిన్ పోతూ చనిపోయిన రోగుల శవాలను ఆయన శ్రద్ధగా పరీక్షించేవాడు. వారి మూత్రపిండాలు కుంచించుకుపోయి ఉండేవి. దాంతోపాటు కవాటాల్లో ఏ లోపమూ లేకపోయినా గుండె ఎడమ జఠరిక గోడ దళసరిగా పెరిగి ఉండడం ఆయన కంట పడింది. 1836లో దీనికాయన రెండు కారణాలు ఊహించాడు. పాడైన రక్తం గుండెను నేరుగా రెచ్చగొడుతూ ఉండాలి. లేదా అతి సన్నని నాళాల్లో రక్తం సాఫీగా సాగకుండా అడ్డుపడి, దాన్ని నెట్టడానికి గుండె ఎక్కువ శ్రమపడవలసి వస్తూ ఉండాలి. రక్తపోటు కొలిచే పట్టీ రావడానికి అప్పటికింకా అరవై ఏళ్లుంది! చేతిలో కత్తి, కంటిముందు శవం తప్ప మరేమీ లేని మనిషి ఊహ అది. రెండూ చాలావరకు నిజమే అయ్యాయి.

1898లో స్టాక్‌హోమ్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, కుందేలు మూత్రపిండం నుంచి తీసిన సారాన్ని మరో కుందేలుకు ఎక్కిస్తే రక్తపోటు పెరగడం చూసి దానికి రెనిన్ అని పేరు పెట్టారు. జబ్బుపడిన మూత్రపిండం తనకు రక్తం చాలడంలేదని పొరబడి రెనిన్‌ను అదేపనిగా వదులుతుంది. దానివల్ల రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి. రక్తపోటు పెరుగుతుంది. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్న కథే కనుక ఇక్కడ ఆగను. చాలాకాలం వైద్యులు రక్తపోటుతోనే కథ ముగిసిందనుకున్నారు. నిజానికి అసలు నష్టం రక్తనాళం గోడలో జరుగుతోంది.

లోపలి అస్తరు

ధమని గోడకు మూడు పొరలు. వెలుపలిది బిగువు కోసం. మధ్యది కండరం, సాగే తంతువులు కలిసిన మందపాటి పొర. లోపలిది ఎండోథీలియం, కోటుకు లోపలివైపు వేసే అస్తరు లాంటిది, ఒకే ఒక్క కణం మందం. రక్తం జారడానికి నున్నగా ఉంటే చాలు, దానికింకేం పనుంటుందని 1980 దాకా అందరూ అనుకునేవారు.

ఆ అభిప్రాయం మారడానికి ఒక ప్రయోగశాల సహాయకుడి పొరపాటు కారణం. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రజ్ఞుడు కుందేలు బృహద్ధమని ముక్కలతో ప్రయోగాలు చేసేవాడు. ఎసిటైల్‌కోలిన్ ఎక్కిస్తే బతికున్న జంతువులో రక్తనాళాలు విప్పారతాయి. ఆయన గాజుపాత్రలోని ముక్కలు మాత్రం ముడుచుకునేవి. 1978లో ఒకరోజు సహాయకుడు ప్రయోగం మెట్లను తారుమారు చేశాడు. ఆ రోజు ముక్క వదులయింది. ఎందుకా అని కూపీ లాగితే తేలిందేమంటే, అంతవరకూ ముక్కలు కోసేటప్పుడు తెలియకుండానే లోపలి అస్తరు రుద్దుకుపోయేది. అస్తరు చెక్కుచెదరకుండా ఉంటేనే ధమని విప్పారుతుంది! ఆ అస్తరు ఏదో పదార్థాన్ని వదిలి పక్కనున్న కండరానికి "వదులవు" అని చెబుతోంది. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత రుజువయింది. దీనికి 1998లో ఫర్చ్‌గాట్‌కూ మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వాయువు కొన్ని సెకన్లే నిలుస్తుంది. ఆ కాస్తలోనే అది నాళాన్ని విప్పారుస్తుంది, రక్తఫలకికలు అతుక్కోకుండా చూస్తుంది, తెల్లకణాలు గోడకు పట్టుకోకుండా అడ్డుపడుతుంది. దీన్ని అస్తరు కణాలు ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారుచేసుకుంటాయి.

ఇక్కడ మూత్రపిండం కథలోకి వస్తుంది. మన కణాల్లో ప్రోటీన్లు విరిగినప్పుడు ఎడిఎంఎ అని పొడి అక్షరాలతో పిలిచే పదార్థం కొద్దికొద్దిగా పుడుతూ ఉంటుంది. చూడడానికి అది ఆర్జినైన్ లాగే ఉంటుంది, తోకకు రెండు మిథైల్ గుంపులు తగిలించుకుని. నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైము దీన్ని ఆర్జినైన్ అనుకుని పట్టుకుంటుంది. తాళంలో దూరి, తిరగకుండా ఇరుక్కుపోయిన తాళంచెవి లాంటిదన్న మాట. ఆరోగ్యవంతుల్లో ఎడిఎంఎ కొంత మూత్రంలో పోతుంది, ఎక్కువ భాగాన్ని మూత్రపిండంలోనూ, కాలేయంలోనూ ఉండే ఒక ఎంజైము విరగ్గొడుతుంది. మూత్రపిండం చెడితే మొదటి దారి మూసుకుపోతుంది, రెండోది సన్నబడుతుంది. 1992లో లండన్‌లో పాట్రిక్ వాలెన్స్, సాల్వడార్ మంకడా బృందం మూత్రపిండాలు చెడినవారి రక్తంలో ఇది పేరుకుంటోందని చూపింది. ఆరోగ్యవంతుల చేతి ధమనిలోకి ఇదే పదార్థాన్ని ఎక్కిస్తే ఆ చేతిలో రక్తప్రవాహం తగ్గింది. 2001లో ఇటలీలో డయాలిసిస్ రోగులను గమనించిన పరిశోధకులు, రక్తంలో ఎడిఎంఎ ఎంత ఎక్కువుంటే గుండెజబ్బు, మరణం అంత ఎక్కువని కనుగొన్నారు.

అస్తరు పనితీరును ఇప్పుడు కోత లేకుండానే చూడవచ్చు. రక్తపోటు పట్టీని చేతికి అయిదు నిమిషాలు బిగించి ఒక్కసారిగా వదిలితే రక్తం ఉరుకుతుంది. ఆ ఉరవడి తగిలిన అస్తరు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, ధమని వెడల్పవుతుంది. ఆ వెడల్పును అల్ట్రాసౌండుతో కొలుస్తారు. మూత్రపిండాల జబ్బున్న వారిలో ఈ వెడల్పు తక్కువ. అది వారి మధుమేహం వల్లో, పొగ తాగడం వల్లో కావచ్చుగదా అని అడగవచ్చు. 1997లో లండన్ పరిశోధకులు మూత్రపిండాలు చెడిన పిల్లల్ని పరీక్షించారు. పిల్లలు సిగరెట్లు కాల్చరు. వాళ్లలోనూ ఇదే లోపం కనిపించింది.

ఎడిఎంఎ ఒక్కటే దోషి కాదు. మనం తిన్న ప్రోటీన్‌లోని ట్రిప్టోఫాన్‌ను పేగుల్లోని బాక్టీరియా ఇండోల్‌గా మారిస్తే, కాలేయం దాన్ని ఇండాక్సిల్ సల్ఫేటుగా చేసి మూత్రపిండానికి అప్పజెబుతుంది. మూత్రపిండం తీసుకోకపోతే అది రక్తంలోనే తిరుగుతూ అస్తరును కాలుస్తుంది. పైగా రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని వేలాడుతుంది కనుక డయాలిసిస్ యంత్రానికి కూడా సరిగా చిక్కదు. డయాలిసిస్ చేయించుకుంటున్నాం కదా, రక్తం శుభ్రమైపోయింది అని చాలామంది అనుకుంటారు. యూరియా విషయంలో అది కొంతవరకు నిజం. యంత్రం వారానికి పన్నెండు గంటలు పనిచేస్తుంది, మూత్రపిండం నూట అరవై ఎనిమిది గంటలు.

నాళం ఎముకవుతుంది

డయాలిసిస్ చేయించుకుంటున్న మా బావగారి చేతి ఎక్స్‌రే ఒకసారి నేను చూశాను. మెట్లమీద జారి మణికట్టు బెణికితే తీయించారు. ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా కనిపిస్తాయి, మెత్తని భాగాలు నీడలా ఉంటాయి, రక్తనాళాలు అసలు కనిపించవు. బావ ఫిల్ములో మాత్రం ముంజేతి ఎముకల పక్కనే రెండు సన్నని తెల్లగీతలు, రైలు పట్టాల్లాగా, మణికట్టు దాకా సాగి ఉన్నాయి.

"ఇదేమిటండీ, ఎముక చిట్లిందా?" అని అడిగాను.

"ఎముకకేం కాలేదు. అది ధమని," అన్నారు డాక్టరుగారు.

ధమని మధ్యపొరలో సున్నం పేరుకుంటే ఇలా కనిపిస్తుంది. జర్మన్ వైద్యుడు మోంకెబెర్గ్ 1903లో దీన్ని వర్ణించాడు. మామూలు గుండెజబ్బులో కొలెస్టరాల్ నాళం లోపలివైపు గడ్డకట్టి దారిని మూసేస్తుంది. ఇక్కడ దారి మూసుకోదు, గోడ బిగుసుకుపోతుంది. బోరునీళ్ల పైపులో సున్నం పట్టినట్టు ఉప్పు దానంతటదే దిగుతోందని చాలాకాలం అనుకున్నారు. జరుగుతున్నది అంతకన్నా విచిత్రం.

దీనికి మూలం భాస్వరం. మనం తినే ఆహారంలో రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటుంది, ఎక్కువ భాగం ఫాస్ఫేటు రూపంలో. అందులో 600 దాకా రక్తంలోకి చేరుతుంది. అవసరానికి మించినదాన్ని మూత్రపిండం బయటికి పంపేస్తుంది. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి మన తెలుగువాడికి రుణపడి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన రంగు పరీక్ష, ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో దశాబ్దాలపాటు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటిలోనూ వాడారు. ఆయన పేరు వినగానే మనకు మందులే గుర్తొస్తాయి గాని, మూత్రపిండ రోగుల రక్తపరీక్ష కాగితంలో భాస్వరం అని ఉండే ఆ ఒక్క వరుస వెనక కూడా ఆయన ఉన్నాడు.

మూత్రపిండాలు సగం చెడినా ఆ వరుసలో అంకె మామూలుగానే కనిపిస్తుంది. ఎందుకంటే ఎముకల నుంచి ఎఫ్‌జిఎఫ్-23, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి పారాథైరాయిడ్ హార్మోను ఎక్కువెక్కువగా వచ్చి, మిగిలిన గుచ్ఛాల చేత రెట్టింపు చాకిరీ చేయించి భాస్వరాన్ని బయటికి నెట్టిస్తాయి. ఎఫ్‌జిఎఫ్-23 గుండె కండరాన్ని నేరుగా దళసరి చేయగలదని 2011లో తేలింది. బ్రైట్ మొదటి ఊహ, పాడైన రక్తం గుండెను రెచ్చగొడుతుందన్నది, మళ్లీ గుర్తుకు రావలసిన చోటిది. గుచ్ఛాలు మరీ తగ్గిపోయాక ఈ నెట్టుడు కూడా పనిచేయదు. అప్పుడు అంకె పైకెక్కుతుంది.

అది ఎక్కితే ఏమవుతుందో 2000లో ఒక ప్రయోగం స్పష్టంగా చూపింది. మనిషి బృహద్ధమని నుంచి తీసిన కండర కణాలను రెండు పాత్రల్లో పెంచారు. ఒకదానిలో ఫాస్ఫేటు ఆరోగ్యవంతుడి రక్తంలో ఉండేంత. రెండోదానిలో మూత్రపిండ రోగి రక్తంలో ఉండేంత. రెండో పాత్రలో కణాల చుట్టూ సున్నం పేరుకుంది. అంతే కాదు, ఆ కణాలు ఎముకను కట్టే కణాల్లో మాత్రమే పనిచేయవలసిన జన్యువులను మేల్కొలిపాయి. కండర కణం తన వృత్తి మార్చుకుని ఎముక కణంలా ప్రవర్తించడం మొదలుపెట్టింది! నాళంలో సున్నం చేరడం కాదిది, నాళంలో ఎముక పుట్టడం.

మరి మామూలు వాళ్లలో ఇలా ఎందుకు జరగదు? మన రక్తంలో కాల్షియం, ఫాస్ఫేటు ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి కదా. దాన్ని ఆపడానికి కాపలా ప్రోటీన్లున్నాయి. వాటిలో ఒకటైన ఎంజిపి అనేది లేకుండా పుట్టించిన చిట్టెలుకలు ధమనులు గట్టిపడి, చిట్లి, రెండు నెలల్లోపే చచ్చిపోయాయని 1997లో ప్రచురితమైంది. ఎంజిపి పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. కాలేయం నుంచి వచ్చే ఫెట్యూయిన్ అనే మరో కాపలాదారు డయాలిసిస్ రోగుల్లో తగ్గిపోయి ఉంటుంది. అంటే దొంగ బలపడే వేళకే కాపలా పలచబడుతుంది.

డయాలిసిస్‌తో భాస్వరం పోదా అంటే, లెక్క వేసి చూడండి. రోజుకు 600 చొప్పున వారానికి 4200 మిల్లీగ్రాములు లోపలికి వస్తుంది. ఒక విడత డయాలిసిస్‌లో సుమారు 800 పోతుంది. వారానికి మూడు విడతలకు 2400. మిగిలిన 1800 ఎక్కడికి పోవాలి? అందుకే భోజనంతోపాటు వేసుకునే, భాస్వరాన్ని పేగులోనే పట్టేసే మాత్రలు ఇస్తారు. అన్నం తిన్నాక గంటకు గుర్తొచ్చి వేసుకుంటే వాటివల్ల ఉపయోగం లేదు. ఆహారంలో కూడా తేడా ఉంది. పప్పుల్లో భాస్వరం చాలావరకు ఫైటేటు రూపంలో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము మనకు లేదు కనుక తక్కువే ఒంటబడుతుంది. కోలా పానీయాల్లోనూ, నిలవ ఉండడానికి లవణాలు కలిపిన ప్యాకెట్ తిండ్లలోనూ ఉన్నది దాదాపు పూర్తిగా ఒంటబడుతుంది. కందిపప్పును వదిలేసి కూల్‌డ్రింకు తాగే రోగులను నేనెరుగుదును. పప్పు ఎంత తినాలన్నది పొటాషియం లెక్క కూడా చూసి డాక్టరు చెప్పవలసిన మాటే, కాని కోలా విషయంలో ఎవరినీ అడగనక్కరలేదు.

ఈ ఎముక ఎంత చిన్న వయసులో మొదలవుతుంది? 2000లో లాస్ ఏంజెలిస్ పరిశోధకులు డయాలిసిస్ మీద ఉన్న యువకుల గుండె ధమనులను ప్రత్యేకమైన సిటి స్కానుతో చూశారు. ఇరవై ఏళ్ల లోపు వారిలో ఒక్కరికీ సున్నం లేదు. 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి ఉంది. అదే వయసు ఆరోగ్యవంతులు 60 మందిలో ముగ్గురికే.

నాడి వేగం

మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే వేలికి తగిలేది గుండె అప్పుడే పంపిన రక్తం కాదు, అల. గుండె కొట్టినప్పుడు బృహద్ధమని గోడ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు తాడును విదిలిస్తే సాగే అలలాగా రక్తం కన్నా ఎన్నో రెట్ల వేగంతో గోడవెంట పరుగెత్తుతుంది. యువకుల్లో ఆ వేగం సెకనుకు అయిదారు మీటర్లు. గోడ ఎంత బిరుసైతే అల అంత వేగంగా పోతుంది.

వేగం పెరిగితే నష్టమేమిటి? నాళాలు చీలే చోట్ల అల కొంత వెనక్కి తిరిగి వస్తుంది. ధమనులు మెత్తగా ఉంటే అది తీరుబడిగా, గుండె కవాటం మూసుకున్నాక చేరుతుంది. ఆ విరామంలోనే గుండె కండరం తన సొంత ధమనుల్లోంచి రక్తం నింపుకుంటుంది కనుక, తిరిగొచ్చిన అల దానికి సాయపడుతుంది. ధమనులు బిగుసుకుంటే అల ముందే వచ్చేసి, గుండె ఇంకా రక్తాన్ని నెడుతుండగానే ఎదురుకొడుతుంది. రక్తపోటులో పై అంకె పెరుగుతుంది. విరామంలో దన్ను లేక కింది అంకె పడిపోతుంది. గుండెకు పని ఎక్కువ, తిండి తక్కువ. ఎడమ జఠరిక దళసరి కావడానికి ఇంకేం కావాలి? బ్రైట్ రెండో ఊహ ఇక్కడ తేలుతుంది, కాకపోతే ఆయన సన్ననాళాలను అనుమానిస్తే పెద్దనాళాలు కూడా నేరంలో భాగస్వాములని బయటపడింది. 1999లో పారిస్ దగ్గర జెరార్డ్ లండన్ బృందం 241 మంది డయాలిసిస్ రోగుల్లో ఈ వేగం కొలిచి, తర్వాత ఏమైందో ఏళ్ల తరబడి చూసింది. సెకనుకు 12 మీటర్లు దాటినవారిలో మరణాలు, 9.4 కన్నా తక్కువున్న వారిలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

చిక్కు ఇంకొకటుంది. బాగా గట్టిపడిన ధమనిని రక్తపోటు పట్టీ నొక్కలేదు. అందువల్ల అసలు ఉన్నదానికన్నా ఎక్కువ అంకె చూపవచ్చు.

కొలెస్టరాల్ మందు ఎందుకు ఓడింది?

గుండె ధమనులు చెడుతున్నాయంటే ఎవరికైనా ముందు తోచేది కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర. మామూలు గుండెజబ్బులో అది ప్రాణాలు కాపాడిన మందు. మధుమేహంతోపాటు డయాలిసిస్ మీద ఉన్న 1255 మందికి జర్మనీలో దీన్నిచ్చి చూశారు. 2005లో ఫలితం వచ్చింది. చెడు కొలెస్టరాల్ 42 శాతం తగ్గింది. గుండెజబ్బులు, మరణాలు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. 2009లో మరో పెద్ద పరీక్షలోనూ అంతే. గోడే ఎముకగా మారుతుంటే లోపలి కొవ్వును కడిగి ఏం లాభం? అయితే 2011లో వచ్చిన షార్ప్ అనే పరీక్షలో, చాలామంది ఇంకా డయాలిసిస్ దాకా రాని 9270 మంది రోగులకు స్టాటిన్‌తోపాటు మరో మందు కలిపి ఇస్తే ధమనులు పూడుకుపోయే జబ్బులు 17 శాతం తగ్గాయి.

మందు అదే, వేళ వేరు. నా మటుకు ఈ మొత్తం పరిశోధనల్లో రోగికి అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఇదే. రక్తనాళానికి దెబ్బ డయాలిసిస్ మొదలైనప్పుడు తగలదు. 2004లో కాలిఫోర్నియాలో 11 లక్షల మందికి పైగా వివరాలతో చేసిన అధ్యయనంలో, మూత్రపిండాల వడపోత 45-59కి తగ్గినవారిలోనే గుండె, రక్తనాళాల జబ్బులు 1.4 రెట్లు కనిపించాయి. 15-29 మధ్యకు వస్తే 2.8 రెట్లు. వడపోత 45-59 ఉన్న మనిషికి ఒంట్లో ఏ బాధా ఉండదు. కాలు వాయదు, ఆకలి తగ్గదు. క్రియాటినిన్ అంకె కూడా, ముఖ్యంగా బక్కపలచని వారిలో, మామూలుగానే కనిపించవచ్చు. అందుకే క్రియాటినిన్‌తోపాటు వయసును బట్టి లెక్కగట్టిన వడపోత అంకె ఎంతో అడగాలి.

దానికన్నా ముందే ఒక జాడ దొరుకుతుంది: మూత్రంలో ఆల్బుమిన్. డెన్మార్క్‌లోని స్టెనో ఆస్పత్రి వైద్యులు 1989లో ఒక మాట అన్నారు. మధుమేహ రోగి మూత్రంలో ఆల్బుమిన్ కనిపించిందంటే మూత్రపిండం ఒక్కటే కారుతోందని కాదు, ఒళ్లంతా ఉన్న రక్తనాళాల అస్తరు దెబ్బతిన్నదని అర్థం. మూత్రపిండం దాన్ని మనకు చూపిస్తోంది, అంతే. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏడాదికోసారి చేయించుకోవలసిన పరీక్ష ఇది. ఆ దశలో రెనిన్ గొలుసును తెంచే పాత మందులున్నాయి. 2020లోనూ, 2022లోనూ వచ్చిన పెద్ద పరీక్షల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహం మాత్రలు, మధుమేహం లేనివారిలో కూడా మూత్రపిండం క్షీణతను నెమ్మదింపజేస్తాయని తేలింది. వీటిలో మొదటిదానికి మనదేశంలో పేటెంటు ముగిసింది కనుక ఇప్పుడు చవకగా దొరుకుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాత్రం ఈ జాడ కూడా మోసం చేస్తుంది. కొబ్బరి, జీడి తోటల ఆ ప్రాంతంలో దశాబ్దాలుగా వస్తున్న మూత్రపిండాల జబ్బు మధుమేహంతోనో, రక్తపోటుతోనో మొదలయ్యేది కాదు. చాలామందిలో మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోదు. దెబ్బ వడపోత గుచ్ఛాలకన్నా వాటి తర్వాతి నాళికల చుట్టూ ముందు తగులుతుంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడ రక్తపరీక్షతో వడపోత అంకె చూడడం తప్ప దగ్గరి దారి లేదు. కారణం ఏదైనా వడపోత ఆగిపోయాక ఎడిఎంఎ, ఫాస్ఫేటు చేసే పని ఎక్కడైనా ఒకటే.

బావ చెయ్యి

స్క్రిబ్నర్ గొట్టాల కాలం పోయింది. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెస్కియా, చిమినో ప్రచురించిన పద్ధతిలో మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరకు నేరుగా కలిపి కుట్టేస్తారు. దీన్ని ఫిస్టులా అంటారు. ధమని ఉరవడి తగిలి సిర కొన్ని వారాల్లో లావెక్కి, డయాలిసిస్ సూదులకు తట్టుకునేలా తయారవుతుంది. నిమిషానికి ఇరవై ముప్పై మిల్లీలీటర్లు పారిన చోట కొన్ని వందలు పారాలి. అందుకు నాళం విప్పారాలి. విప్పార్చేది ఎవరు? ఉరవడిని పసిగట్టి నైట్రిక్ ఆక్సైడ్ వదిలే ఆ అస్తరే. మూత్రపిండం చెడిన మనిషికి ఫిస్టులా కావాలి, మూత్రపిండం చెడినందువల్లే అది విప్పారడం కష్టం.

బావకు మొదటి ఫిస్టులా నిలవలేదు. ఎక్స్‌రేలో రైలు పట్టాల్లా కనిపించిన ఆ ధమని మీదే వేశారది. రెండోది మోచేతి మీద వేశారు. అంతకుముందు ఏళ్ల తరబడి ప్రతి జ్వరానికీ అదే చేతికి సెలైన్ ఎక్కించుకోవడం వల్ల అక్కడ కూడా మంచి సిర దొరకడం కష్టమయింది. మూత్రపిండాల జబ్బు ఉందని తెలిసిన రోజు నుంచి, డయాలిసిస్ ఎంత దూరంలో ఉన్నా సరే, రాయని చేతికి సూదులు గుచ్చనివ్వకూడదు. రక్తం తీయాలంటే అరచేతి వెనక తీయమనాలి. ఈ మాట ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

మొన్న వెళ్లినప్పుడు మోచెయ్యి నా ముందుకు చాపాడు.

"చెయ్యి పెట్టి చూడవోయ్."

పెట్టాను. చర్మం కింద సన్నగా, ఆగకుండా, పిల్లి గురక పెట్టినట్టు అదురుతోంది.

"మోటారు తిరుగుతున్నట్టుంది బావా," అన్నాను.

"రోజూ పొద్దున్నే లేవగానే కాఫీ కన్నా ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటాను. అది ఆగిందంటే ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తాలి," అన్నాడు, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ.